ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టుకుని చూస్తే చాలు అంటారు మన పెద్దవాళ్ళు. వంటింట్లో ఈ మాట నూటికి నూరు పాళ్ళు నిజం. కానీ దీన్నే మనవాళ్ళు బడులకు కూడా వాడేస్తున్నారు. మే నెల వస్తే పదో తరగతి ఫలితాలు వస్తాయి. ఫలానా బడి 100 శాతం, ఫలానా బడి 96, ఫలానా బడి 75 అని ఊరంతా చెప్పుకుంటారు. ఆ ఒక్క అంకెను పట్టుకుని చూసి, "ఆ బడిలో ఏముందబ్బా, దండగ" అని తేల్చేస్తారు. ఒక అంకెను చూసి ఒక బడి మీద తీర్పు చెప్పడం న్యాయమేనా? అసలు ఆ అంకెలు చూడకుండానే ఉండాలా? ఈ రెండు ప్రశ్నల గురించి నాకు తోచింది రాస్తున్నాను.

మెతుకు సామెత ఎందుకు పనిచేస్తుందో ముందు చూద్దాం. కుండలో ఉన్నదంతా ఒకే బియ్యం. ఒకేసారి పోసింది, ఒకే నీళ్ళు, ఒకే మంట. అందుకే ఒక మెతుకు మిగతావాటి తరఫున సాక్ష్యం చెప్పగలదు. బడిలో పిల్లలు అట్లా కాదు. ఒకరు ఒకటో తరగతి నుంచీ ఇక్కడే చదివినవాళ్ళు, ఒకరు తొమ్మిదో తరగతిలో వేరే ఊరినుంచి వచ్చి చేరినవాళ్ళు. ఒకరింట్లో అక్షరం చెప్పేవాళ్ళున్నారు, ఒకరింట్లో సంతకం పెట్టేవాళ్ళు కూడా లేరు.

"శాతం అందరినీ లెక్కపెడుతుంది కదా, అది ఒక్క మెతుకు ఎట్లా అవుతుంది?" అని మీరు అడగవచ్చు. అందరినీ లెక్కపెట్టేది నిజమే. కానీ ఒక్కొక్కరి గురించి ఒకే ఒక్క సంగతి అడుగుతుంది: పాసా, ఫెయిలా? మన తమిళనాడులో పదో తరగతికి 5 సబ్జెక్టులు, 500 మార్కులు. ప్రతి సబ్జెక్టులోనూ 35 రావాలి. ఒక అబ్బాయికి నాలుగు సబ్జెక్టుల్లో 90 చొప్పున వచ్చి, లెక్కల్లో 34 వచ్చాయనుకోండి. మొత్తం 394. వాడు ఫెయిల్. ఇంకొకరికి అన్నింటిలోనూ సరిగ్గా 35 వచ్చాయి. మొత్తం 175. వాళ్ళు పాస్. పరీక్షకు ఒక నియమం ఉండాలి కాబట్టి ఆ నియమాన్ని నేను తప్పు పట్టను. కానీ ఈ ఇద్దరిలో ఎవరికి బడి ఎక్కువ చదువు చెప్పిందో శాతం మనకు చెప్పలేదు. పైగా ఆ 34 వచ్చినవాడు కొన్ని వారాలకే సప్లిమెంటరీ రాసి పాసై, అందరితోపాటు పదకొండో తరగతికి పోతాడు. ఊళ్ళోవాళ్ళ నోట్లో మాత్రం మే నెల అంకె అట్లే ఉండిపోతుంది.

రెండో సంగతి చిన్న బడులకు సంబంధించింది. మన తెలుగు మీడియం బడుల్లో పదో తరగతికి వందల మంది ఉండరు. మా తరగతిలో మేము 20 మందిమి. అంటే ఒక్కొక్కరం 5 శాతం. పరీక్షల రోజుల్లో ఒకరికి జ్వరం వచ్చి, ఒకరింట్లో చావు జరిగి, ఒకరు కూలిపనికి పోయి చదవలేకపోతే బడి 100 నుంచి 85కి పడిపోతుంది. 200 మంది ఉన్న బడిలో ఇదే ముగ్గురికి ఇదే జరిగితే ఆ బడి 100 నుంచి 98.5కి వస్తుంది. కష్టం ఒకటే, అంకె వేరు. మరుసటి ఏడు ఈ చిన్న బడికి 95 వస్తే "బాగుపడింది" అంటారు, ఇంకో ఏడు 80 వస్తే "చెడిపోయింది" అంటారు. బడి మాత్రం అదే బడి, అయ్యవార్లు అదే అయ్యవార్లు. కాబట్టి చిన్న బడిని ఒక్క ఏడాది అంకెతో తూచకూడదు. కనీసం మూడు నాలుగేళ్ళ పిల్లలను కలిపి లెక్క వేయాలి. ఇది దయ చూపమని అడగడం కాదు, లెక్కల పుస్తకం చెప్పే మాటే.

మూడో సంగతి చెప్పడం కొంచెం కష్టం. శాతం అంటే పైన ఒక సంఖ్య, కింద ఒక సంఖ్య. పైసంఖ్యను పెంచడం కష్టం. అందుకు చదువు చెప్పాలి. కిందిసంఖ్యను తగ్గించడం సులభం. ఒక బడిలో 20 మంది ఉన్నారు, 16 మంది పాసయ్యేలా ఉన్నారు. ఫలితం 80 శాతం. వెనకబడిన నలుగురిని తొమ్మిదో తరగతిలోనే ఆపేస్తే, లేదా "మీవాడికి ఇక్కడ కుదరదు, టీసీ తీసుకోండి" అని పంపేస్తే, 16కి 16. 100 శాతం! గేటు ముందు పెద్ద బ్యానరు. కానీ ఆ బడిలో ఎవరూ ఒక్క అక్షరం కూడా కొత్తగా నేర్చుకోలేదు. ఆ నలుగురు ఏమయ్యారో ఏ బ్యానరూ చెప్పదు.

ఇది మన దేశంలోనే కాదు. అమెరికాలో 2002లో ఒక చట్టం వచ్చింది. 2014 కల్లా ప్రతి బిడ్డా చదవడంలో, లెక్కల్లో నిర్ణీత స్థాయికి రావాలని, రాని బడుల మీద చర్యలు ఉంటాయని దాని సారం. ఉద్దేశం మంచిదే. కానీ అట్లాంటా నగరంలో ఏమైంది? 2011లో అక్కడి రాష్ట్రప్రభుత్వ విచారణలో 44 బడుల్లో అక్రమాలు బయటపడ్డాయి. పిల్లల జవాబు పత్రాల్లో తప్పులు చెరిపి ఒప్పులు దిద్దడం లాంటి పనుల్లో 178 మంది ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయుల పేర్లు వచ్చాయి. డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970లలోనే దీన్ని హెచ్చరించాడు. ఒక అంకె మీద ఎంత ఎక్కువ భారం పెడితే, ఆ అంకె అంతగా చెడిపోతుందనీ, అది కొలవాల్సిన పనిని కూడా చెడగొడుతుందనీ ఆయన మాటల సారం.

ఇక్కడే ఇది లెక్కల ప్రశ్న నుంచి నీతి ప్రశ్న అవుతుంది. బడి పిల్లల కోసమా, పిల్లలు బడి పేరు కోసమా? మనిషిని ఎప్పుడూ కేవలం ఒక సాధనంగా వాడుకోకూడదని జర్మన్ తత్త్వవేత్త కాంట్ చెప్పాడు. వెనకబడిన పిల్లవాణ్ణి శాతం కోసం బయటికి పంపినప్పుడు వాడు మనకు విద్యార్థి కాడు, అడ్డం వచ్చిన ఒక అంకె. నా ఉద్దేశంలో 100 శాతం కోసం నలుగురిని వదులుకున్న బడి కంటే, ఆ నలుగురినీ కూర్చోబెట్టుకుని 80 శాతంతో తల వంచుకున్న బడే గొప్పది. కానీ బయటినుంచి చూసేవాళ్ళకు ఆ గొప్ప కనపడదు. అదే అసలు అన్యాయం.

అయితే అంకెలన్నీ దండగ, వాటిని పారేయాలి అంటారా? నేను అట్లా అనను. "చదువును అంకెలతో కొలవలేం" అని కొందరు పెద్దలు సభల్లో చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది. కానీ అంకెలు లేకపోతే జనం తీర్పు చెప్పడం మానేస్తారా? మానరు. అప్పుడు టై చూసి, బూట్లు చూసి, పసుపుపచ్చ బస్సు చూసి, గేటు రంగు చూసి చెబుతారు. వాటికంటే అంకె వెయ్యి రెట్లు నయం. ఇంకో సంగతి. కూలికి పోయే అమ్మానాన్నలు బడికి వచ్చి "లెక్కలు సరిగ్గా చెప్తా ఉండారా సార్?" అని అడగలేరు. భయం, మొహమాటం. వాళ్ళ తరఫున అడిగేది ఆ అచ్చయిన అంకె ఒక్కటే. దాన్ని దాచితే నష్టపోయేది వాళ్ళే.

వరసగా నాలుగేళ్ళు ఒక బడిలో సగం మంది లెక్కల్లోనే తప్పుతూ ఉంటే, అది జ్వరమో చావో కాదు. అక్కడ నిజంగా ఏదో సరిగా లేదు. "మా పిల్లలు పేదవాళ్ళు, ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు" అని అనవచ్చు. నిజమే, పేదరికం కారణం. కానీ కారణాన్ని సాకుగా మార్చుకోకూడదు. పేదరికమే మొత్తం కారణమైతే, ఆ పిల్లలే సాంఘిక శాస్త్రంలో ఎట్లా పాసయ్యారు? లెక్కల సార్ పోస్టు ఎన్నాళ్ళనుంచి ఖాళీగా ఉంది? ఇట్లా అడగాలంటే ఒక్క మొత్తం శాతం చాలదు, సబ్జెక్టువారీ అంకెలు కావాలి. అంటే నేను అడుగుతున్నది తక్కువ అంకెలు కాదు, ఇంకా ఎక్కువ అంకెలు.

మా హోసూరు వైపు రోజాతోటలు ఎక్కువ. మా నాయన ఒక పాలీహౌసులో పనిచేస్తాడు. అక్కడ కోసిన పువ్వులను కాడ పొడుగును బట్టి వేరు చేసి కట్టలు కడతారు. పొడుగు కాడకు ఎక్కువ ధర. కొనేవాడికి అది సరైన కొలతే, వాడికి కావాల్సింది పువ్వు. కానీ తోటమాలి పనితనం చూడాలంటే కాడ పొడుగు ఒక్కటే చాలదు. నేల ఎట్లాంటిది, నీళ్ళు ఎన్ని రోజులు వచ్చాయి, మొక్క నాటినప్పుడు ఎట్లా ఉండింది అని అడగాలి. ఇక తోటను బాగుచేయాలనుకునేవాడు మూడో ప్రశ్న అడుగుతాడు: ఏ వరసలో తెగులు ఉంది, ఎందుకు?

బడి విషయంలో కూడా ఈ ముగ్గురూ ఉన్నారు. బిడ్డను చేర్చాలనుకునే తల్లిదండ్రులు, బడికి మంచిచెడు చెప్పే ఊరు, బడిని బాగుచేయాల్సిన యాజమాన్యం, అధికారులు. ముగ్గురివీ మూడు వేర్వేరు ప్రశ్నలు. మనం మాత్రం ముగ్గురికీ ఒకే జవాబు చేతికిస్తున్నాం: 75 శాతం.

తల్లిదండ్రుల ప్రశ్ననే తీసుకుందాం. "నా బిడ్డ ఇక్కడ చేరితే ఎంత ముందుకు పోతుంది?" దీనికి జవాబు కావాలంటే చేరేటప్పుడు పిల్లలు ఎక్కడున్నారు, వెళ్ళేటప్పుడు ఎక్కడున్నారు అనే రెండూ తెలియాలి. ఇంగ్లండ్‌లో 1992 నుంచి బడుల ఫలితాల పట్టికలు ప్రచురిస్తున్నారు. ఎక్కువ మార్కులతో చేరిన పిల్లలున్న బడులే పైన కనబడటం మామూలైపోయింది. అందుకని 2016లో ఒక కొత్త కొలత తెచ్చారు. ప్రాథమిక బడి చివర్లో ఒకే స్థాయిలో ఉన్న పిల్లలు దేశమంతటా తర్వాత ఎంత సాధించారో చూసి, దానితో ఈ బడి పిల్లలను పోలుస్తారు. కానీ కరోనా వల్ల 2020, 2021లో ప్రాథమిక పరీక్షలు జరగలేదు. ఆ పిల్లలు పెద్ద పరీక్ష రాసే సంవత్సరాలకు ఈ కొలతే వేయలేకపోయారు. దీనివల్ల ఒక సంగతి తెలుస్తుంది. మొదలు తెలియకపోతే చివర మాత్రమే చూసి దూరం చెప్పలేము. హోసూరులో బస్సెక్కి బెంగళూరులో దిగినవాడూ, చెన్నైలో ఎక్కి బెంగళూరులో దిగినవాడూ ఒకే చోట దిగారు. ఒకే దూరం వచ్చారా?

మన తెలుగు పిల్లలకు ఇంకో మెట్టు ఎక్కువ. ఇంట్లో తెలుగు, బడిలో తెలుగు, వీధిలో తమిళం, బజార్లో కన్నడం. 2006లో వచ్చిన రాష్ట్ర చట్టంతో తమిళం అన్ని బడుల్లో తప్పనిసరి పాఠమైంది. ఒకటో తరగతితో మొదలై ఏడాదికో తరగతి చొప్పున పెరిగి 2016లో పదో తరగతి పరీక్షదాకా వచ్చింది. భాషా మైనారిటీ పిల్లలకు కోర్టుల ద్వారా కొన్నేళ్ళు మినహాయింపు దొరికింది. తమిళం నేర్చుకోవడం మాకు మంచిదే, ఈ నేల మీద బతకాలంటే కావాలి. నేను చెప్పేది ఒక్కటే. ఒక భాష ఇంట్లో పుట్టినవాళ్ళనూ, ఆ భాషను బడిలో కొత్తగా పట్టుకున్నవాళ్ళనూ ఒకే అంకెలో పెట్టి పోల్చేటప్పుడు, ఈ తేడా ఉందని పక్కన ఒక్క వాక్యమైనా రాయాలి కదా.

ఇవి కాక ప్రభుత్వం ప్రచురించే వివరాలు ఇంకా ఉన్నాయి. యూడైస్ ప్లస్ అనే పేరుతో దేశంలో ప్రతి బడికీ 11 అంకెల కోడ్ ఇచ్చి, పిల్లలు ఎంతమంది, అయ్యవార్లు ఎంతమంది, గదులు, మరుగుదొడ్లు, గ్రంథాలయం, కంప్యూటర్లు ఉన్నాయా అని ఏటా సేకరిస్తారు. ఎవరైనా చూడవచ్చు. చాలా మంచి పని. కానీ "గ్రంథాలయం ఉంది" అన్నచోట, ఆ పుస్తకాల బీరువా తాళంచెవి ఎవరి దగ్గర ఉందో, నెలకు ఎన్నిసార్లు తెరుస్తారో ఆ గడిలో పట్టదు. అంకె మనల్ని గుమ్మందాకా తీసుకుపోతుంది. లోపలికి మనమే నడిచిపోవాలి.

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద భయం చెబుతాను. థర్మామీటరు పెట్టినంత మాత్రాన జ్వరం పెరగదు. కానీ శాతం అట్లాంటి థర్మామీటరు కాదు. శాతం తగ్గితే పిల్లలు చేరడం తగ్గుతారు. పిల్లల సంఖ్యను బట్టే అయ్యవార్ల పోస్టులు ఉంటాయి కాబట్టి పోస్టులు తగ్గుతాయి. ఒక్క సార్ రెండు సబ్జెక్టులు చెప్పాలి. అప్పుడు శాతం ఇంకా తగ్గుతుంది. ఇట్లా కొలిచే అంకే రోగాన్ని పెంచుతుంది. రాజ్యాంగం 30వ అధికరణం భాషా మైనారిటీలకు తమ బడులు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కును ఎవరూ లాక్కోనక్కర్లేదు. బడిలో బిడ్డలు లేకపోతే హక్కు కాగితం మీద అట్లే ఉంటుంది, బడి మాత్రం ఉండదు.

మా ఇంట్లోనే ఈ ప్రశ్న నడుస్తోంది. మా చెల్లి వచ్చే జూన్‌లో ఆరో తరగతికి రావాలి. "పర్సెంటేజీ తగ్గింది కదమ్మా, దాన్ని ఇంగ్లీషు మీడియంలో వేద్దామా?" అని నాయన అడుగుతున్నాడు. భాషను కాపాడాలి కాబట్టి చెల్లిని ఇక్కడే వేయాలి అని నేను నాయనతో అనలేను. ఒక బడిని నిలబెట్టడం కోసం ఒక బిడ్డ చదువును పణంగా పెట్టమని అడిగే హక్కు ఎవరికీ లేదు. పైన నేను తప్పు పట్టింది కూడా అదే కదా. శాతం కోసం బిడ్డను వదిలేయడం ఎంత తప్పో, భాష కోసం బిడ్డను వాడుకోవడం అంతే తప్పు. నేను నాయనతో చెప్పింది ఇది: "ఒక్క ఏడాది అంకె చూసి పోవద్దు నాయనా. ఆరో తరగతిలో చేరిన వాళ్ళలో ఎంతమంది పదిదాకా వచ్చారో అడుగు. లెక్కల సార్ ఉన్నారా అడుగు. పోయిన మూడేళ్ళ పిల్లలు ఇప్పుడు ఏం చదువుతున్నారో అడుగు. ఆ కొత్త బడిలో కూడా ఇవే ప్రశ్నలు అడుగు. ఆ తర్వాత నీ ఇష్టం." నాయన ఇంకా ఏమీ తేల్చలేదు.

అయితే ఒక మాట పెద్దలకు చెప్పాలి. వేదిక మీద "మన బడిని కాపాడుకోవాలి" అని మాట్లాడి, తమ పిల్లలను వేరే బడికి పంపేవాళ్ళు ఉన్నారు. పిల్లలను పంపడం వాళ్ళ ఇష్టం, దాన్ని నేను తప్పు అనను. కానీ బడిని వదిలి వెళ్ళినంత మాత్రాన బాకీ తీరిపోదు. చదువుకున్నవాళ్ళు, ఉద్యోగస్తులు వెళ్ళిపోయాక మిగిలేది అడగలేనివాళ్ళ పిల్లలే. వారానికి ఒక సాయంత్రం వచ్చి లెక్కలు చెప్పినా, పోస్టు ఎందుకు నింపలేదని ఆఫీసుకు పోయి అడిగినా, అది ఆ బాకీలో కొంత తీర్చినట్టే. ఏదీ చేయకుండా మే నెలలో మాత్రం "ఏమబ్బా, ఇంతేనా?" అనడం న్యాయం కాదు.

బడికి కూడా ఒక బాధ్యత ఉంది. మనకు గిట్టని అంకెలను మనమే ముందుగా చెప్పాలి. ప్రతి ఏటా జూన్‌లో ఒక్క కాగితం గేటు దగ్గర అతికించాలని నా కోరిక. ఆరో తరగతిలో ఎంతమంది చేరారు, వాళ్ళలో ఎంతమంది పదో తరగతి రాశారు, మధ్యలో పోయినవాళ్ళు ఎందుకు పోయారు. చేరిన రోజు ఎంతమందికి తెలుగు పేరా తప్పుల్లేకుండా చదవడం, భాగహారం చేయడం వచ్చు, ఇప్పుడు ఎంతమందికి వచ్చు. సబ్జెక్టువారీగా నాలుగేళ్ళ ఫలితం. సప్లిమెంటరీలో పాసైనవాళ్ళు. పదో తరగతి తర్వాత పదకొండు, ఐటీఐ, పాలిటెక్నిక్ చేరినవాళ్ళు, పనికి పోయినవాళ్ళు. ఖాళీగా ఉన్న పోస్టులు. పేర్లు వద్దు, పేర్లు పెడితే పిల్లలకు అవమానం. సంఖ్యలు చాలు. ఇందుకు డబ్బు అక్కర్లేదు. ధైర్యం ఒక్కటే కావాలి.

నాకు అర్థమైనంతలో న్యాయమైన తీర్పుకు గుర్తు ఇది. అది తప్పును దాచదు, కానీ తప్పు ఎక్కడుందో చూడకుండా శిక్ష వేయదు. అచ్చయిన అంకెతో అది మొదలవ్వాలి, అక్కడే ఆగిపోకూడదు. బడి గురించి 75 అని వింటే "ఛీ" అనకుండా "మిగతా 25 ఎవరు, వాళ్ళకు ఏం కావాలి?" అని అడిగేవాళ్ళే బడికి నిజమైన పరీక్షాధికారులు. 100 అని విన్నా "అందరూ ఉన్నారా?" అని అడగాలి.

రాబోయే పరీక్షల్లో మేము 20 మందిమి రాస్తాం. మా బెంచీలో చివర కూర్చునే అమ్మాయికి లెక్కలంటే భయం. తొమ్మిదో తరగతిలో ఆమెను ఆపేసి ఉంటే మా శాతానికి సులువయ్యేది. సార్ ఆపలేదు. ఇప్పుడు రోజూ సాయంత్రం మేమిద్దరం కలిసి త్రికోణమితి చేస్తున్నాం. ఆమె పాసైతే 5 శాతం. పాస్ కాకపోయినా, పోయిన జూన్‌లో రాని లెక్కలు ఎన్నో ఆమెకు ఇప్పుడు వచ్చు. మే నెలలో మా అంకె చూసినప్పుడు దయచేసి ఆ సంగతి కూడా అడగండి. చెప్పడానికి మేము సిద్ధంగా ఉంటాం.